సమ్మర్ ట్రిప్ కమిటీ వారికి: ఈసారి బస్సు కిల్పెక్‌లో ఆపండి

కమిటీ పెద్దలకు, గ్రూపులోని అన్నయ్యలకు, వదినలకు నమస్కారం.

మన బర్మింగ్‌హామ్ తెలుగు వాట్సాప్ గ్రూపులో రాస్తే ఆవకాయ ఆర్డర్ల మధ్య, గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య కొట్టుకుపోతుందని ఇలా బహిరంగంగా ఉత్తరం రాస్తున్నాను. జూలై ట్రిప్ ఎక్కడికని పోల్ పెట్టారు కదా. అవుట్‌లెట్ షాపింగ్‌కి 21 ఓట్లు పడ్డాయి, బీచ్‌కి 14. నేను చెప్పిన, హెరిఫర్డ్ దగ్గర కిల్పెక్ అనే పల్లెటూరి చర్చికి మూడు. ఆ మూడింట్లో ఒకటి నాది, ఒకటి మా ఆయనది. మూడోది వేలు తగిలి పొరపాటున పడిందని, ఆ వేసినావిడే సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది.

ఓట్లు పడనందుకు బాధ లేదు. కానీ పోల్ కింద ఒక బాబాయ్ గారు పెట్టిన మాట మాత్రం నాలుగు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. "ఇంగ్లండ్‌లో చర్చి లేని ఊరుందా అమ్మాయ్? మన వీధి చివర కూడా ఒకటి ఉంది. దానికోసం బర్మింగ్‌హామ్ నుంచి రానూ పోనూ 130 మైళ్ళు ఎందుకు?" దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. బాబాయ్ గారూ, మీరడిగింది సరైన ప్రశ్నే. జవాబు వాట్సాప్‌లో పట్టదు, అంతే.

చర్చి లేని ఊరు లేదన్నది నిజం. ఒక్క చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కే దాదాపు 16,000 చర్చిలున్నాయి. వాటిలో 12,000 పైచిలుకు చట్టం కాపాడుతున్న పాత కట్టడాలు, అంటే లిస్టెడ్ అన్నమాట. ఊరికి పంచాయతీ ఆఫీసు, కరణం గారి దస్త్రాలు, శ్మశానం, గుడి అన్నీ ఒకే ఆవరణలో ఉంటే ఎలా ఉంటుందో పాతకాలపు పారిష్ చర్చి (పారిష్ అంటే ఒక చర్చి కిందికొచ్చే ఊరు) అలా ఉండేది. 1538లో ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్వెల్ ప్రతి పారిష్‌లోనూ పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, ఖననాలు పుస్తకంలో రాయాలని హుకుం వేశాడు. ఈ దేశంలో మామూలు రైతు, కూలీ ఇన్నేళ్ళ తర్వాత కూడా పేరుతో సహా దొరుకుతున్నాడంటే ఆ పుస్తకాల వల్లే.

ఇదంతా నాకు ముందునుంచీ తెలుసని అనుకోకండి. ఈ దేశానికొచ్చి 11 ఏళ్ళయింది. అందులో మొదటి ఆరేళ్ళూ చర్చిలంటే నాకు సాట్‌నావ్‌లో మలుపు గుర్తులే. కిల్పెక్ కూడా వెతుక్కుంటూ పోయింది కాదు. వేల్స్‌లో రెండు రోజులుండి అబెర్గవెన్నీ మీదుగా హెరిఫర్డ్ వైపు వస్తుంటే, ఏ465 రోడ్డు మీద మా చిన్నవాడు వెనక సీట్లో వాంతి చేసుకున్నాడు. పక్క సందులోకి తిప్పి, ఆ పల్లెటూళ్ళో కారాపాం. మా ఆయన సీటు తుడుస్తుంటే వాణ్ణి గాలి పీల్చుకుంటాడని కిందకి దించాను. ఎదురుగా ఎర్రటి చిన్న చర్చి. గోపురం లేదు, కొమ్ము లేదు. మన ఊళ్ళో రైస్ మిల్లు గోడౌన్ ఇంతకంటే పెద్దది. వాడు తలెత్తి చూరు కింద చూసి, "అమ్మా, కార్టూన్!" అన్నాడు.

నిజంగా కార్టూనే. చూరు కింద రాతి ముక్కలు వరసగా గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. కార్బెల్స్ అంటారు. వాటిలో ఒకదాని మీద ఒక కుక్క, ఒక కుందేలు. రెండూ పక్కపక్కనే మెడలు ఆనించుకుని కిందకి చూస్తున్నాయి. కుక్కకి వేలాడే చెవులు, ఉబ్బిన కళ్ళు, కుందేలుకి పొడుగాటి చెవులు. వేటాడేదీ వేటకి దొరికేదీ అన్న తేడా పోయి ఒకే బెంచీ మీద కూర్చున్న బడిపిల్లల్లా ఉన్నాయి. ఇప్పటి పిల్లల టీవీలోంచి ఊడిపడ్డట్టున్న ఆ బొమ్మని చెక్కింది 1140 ప్రాంతంలో. మన రామప్ప గుడి 1213 నాటిది కదా, దానికంటే ఓ 70 ఏళ్ళు పెద్దది.

ఇలాంటి రాళ్ళు మొదట 91 ఉండేవట. ఇప్పటికి 85 మిగిలాయి. పంది, పొట్టేలు, ఎలుగుబంటి, వాద్యం వాయించేవాళ్ళు, కావలించుకున్నారో కుస్తీ పడుతున్నారో తేలని ఇద్దరు, సిలువ మోసే గొర్రెపిల్ల. మావాడు ఆ గొర్రెపిల్లని గుర్రం అన్నాడు. వాడి తప్పేం లేదు, చూస్తే మీరూ అదే అంటారు.

కట్టినవాళ్ళ సంగతి. 1066లో నార్మన్లు ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని పట్టుకున్నాక ఈ ఊరు విలియం ఫిట్జ్ నార్మన్ అనేవాడి చేతికొచ్చింది. 1086లో రాజు తీయించిన భూముల జాబితా, డూమ్స్‌డే లెక్కల్లో అతని పేరు ఉంది. చర్చి కట్టించింది అతని కొడుకు హ్యూ అని చెబుతారు. పక్కనే మట్టి దిబ్బ మీద వాళ్ళ కోట. ఇప్పుడు రెండు మొండి గోడ ముక్కలు తప్ప ఏమీ లేదు. జాన్ రాజు బస చేసిన కోట అది. రాజు దిగిన చోట మేకపిల్లకి కూడా నీడ లేదు గానీ, పక్కనున్న కుక్కా కుందేలూ చెక్కుచెదరలేదు. చర్చి పేరు సెయింట్ మేరీ అండ్ సెయింట్ డేవిడ్. డేవిడ్ వేల్స్ వాళ్ళ ఇష్టదైవం లాంటి సాధువు. వేల్స్ సరిహద్దు అక్కడికి కొద్ది మైళ్ళే కాబట్టి, నార్మన్ల కంటే ముందున్న జనం పెట్టుకున్న పేరు అలా నిలిచిపోయి ఉండొచ్చు.

ప్లాను మనకి కొత్తేమీ కాదు. పడమటి నుంచి తూర్పుకి మూడు గదులు ఒకదాని తర్వాత ఒకటి. జనం నిలబడే నేవ్, పూజారి మసిలే చాన్సెల్, చివర అర్ధచంద్రాకారంలో యాప్స్. ముఖమండపం, అంతరాళం, గర్భగుడి అనుకోండి, సరిపోతుంది. లోపలికి పోయేకొద్దీ ఇరుకు, కొద్దిగా చీకటి. తూర్పు ముఖం సంగతి వేరే చెప్పాలా? ఇంటికి డిపాజిట్ కట్టేముందు దిక్సూచి యాప్ తీసే మనవాళ్ళు దీనికి పూర్తి మార్కులు వేస్తారు.

దక్షిణం వైపు గుమ్మం దగ్గర మాత్రం కనీసం అరగంట ఇవ్వండి. గుమ్మం పైన అర్ధచంద్రాకారపు రాతి మీద ఒక తీగ, పూజగదిలో వెండి పళ్ళెం మీద చెక్కినంత నాజూగ్గా. దాని చుట్టూ కమాను మీద వరసగా పక్షి ముక్కుల జంతువులు, పక్క స్తంభాల మీద ఒకదాన్నొకటి మింగుతున్న పాములు. మకరతోరణం చూస్తూ పెరిగినవాళ్ళకి అర్థం చెప్పనక్కర్లేదు. కుడివైపు స్తంభం తలమీద ఒక మొహం ఉంది, నోట్లోంచి తీగలు కక్కుతూ. వీళ్ళు గ్రీన్ మాన్ అంటారు. మా అత్తగారు చూసి "ఇది మన కీర్తిముఖం కాదూ!" అన్నారు. కాదు, ఇక్కడివాళ్ళ కథ వేరు. అయినా ఆ ఒక్క మాటతో అప్పటిదాకా కార్లో కూర్చుంటానన్న ఆవిడ గంటసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. ఎడమవైపు స్తంభం మీద ఇద్దరు సైనికులు తీగల్లో చిక్కుకుని ఉంటారు. టోపీలు, ముడతల పైజామాలు. పడమటి గోడ మూలల్లో నోరు తెరిచి నాలుక చుట్టుకున్న డ్రాగన్ తలలు వైకింగ్ పడవల మీద ఉండేవాటిలా ఉంటాయి.

ఒక పల్లెటూరి చర్చికి వైకింగుల డ్రాగన్లు, ఎక్కడివో పైజామాలు ఎలా వచ్చాయి? లోపల చాన్సెల్‌కి ముందున్న కమాను దగ్గర కొంత జవాబు దొరుకుతుంది. దాని రెండు పక్కలా స్తంభాల మీద ఒకరిపై ఒకరుగా ముగ్గురేసి సాధువుల బొమ్మలు నిలబడి ఉంటాయి. స్తంభాల మీద ఇలా మనుషుల్ని నిలబెట్టడం స్పెయిన్‌లోని శాంటియాగో యాత్రాస్థలంలో ఉంది. కిల్పెక్ ఉన్న హెరిఫర్డ్‌షైర్ జిల్లాలోనే ఉత్తరాన షాబ్డన్ అని ఇంకో ఊరుంది. అక్కడి చర్చి కట్టించిన ఆలివర్ ద మెర్లిమండ్ ఒక పెద్ద జమీందారు దగ్గర దివాను. అతను శాంటియాగో యాత్ర చేసొచ్చాడని పాత రాతల్లో ఉంది. తిరిగొచ్చాక కట్టించిన షాబ్డన్ చర్చిలో పని చేసిన శిల్పులో, వాళ్ళ శిష్యులో కిల్పెక్‌లోనూ ఉలి పట్టారని చరిత్రకారుల మాట. ఆ బృందానికి హెరిఫర్డ్‌షైర్ స్కూల్ అని పేరు. పేర్లు మాత్రం ఒక్కరివీ మిగల్లేదు. కాశీ వెళ్ళొచ్చినవాడు ఊళ్ళో గుడి కట్టించడం మనకి తెలిసిన కథే కదా.

షాబ్డన్ సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1750ల్లో అక్కడి జమీందారు కుటుంబం పాత చర్చి ఫ్యాషన్‌గా లేదని పడగొట్టించి, తెల్లటి పంచదార బొమ్మ లాంటి కొత్త చర్చి కట్టించింది. పాత చర్చిలోని కమానులూ గుమ్మాల శిల్పాలూ పారేయడం ఎందుకని, ఇంటి కిటికీలోంచి అందంగా కనిపిస్తాయని దూరంగా గుట్ట మీద ఎండకీ వానకీ నిలబెట్టారు. ఇప్పుడు వెళ్ళి చూస్తే ఆ రాళ్ళ మీద మొహాలు నోట్లో పెట్టి చప్పరించిన పటికబెల్లంలా అరిగిపోయి ఉన్నాయి. ఒకే కాలం, ఒకే చేతివాటం. కిల్పెక్‌లో సైనికుడి పైజామా మడతలు లెక్కపెట్టొచ్చు, షాబ్డన్‌లో అది మనిషో చెట్టో పోల్చుకోలేం. కిల్పెక్ రాయి గట్టిది, అదొక కారణం. కిల్పెక్‌ని ఎవరూ 'డెవలప్' చెయ్యలేదు, నా లెక్కలో అదే పెద్ద కారణం. పాత రాతి మండపాలకి ఆయిల్ పెయింట్లు వేయించి, ముందు టైల్స్ అతికించే మన ఊళ్ళ కమిటీలు గుర్తొచ్చి అక్కడ నాకు ఒళ్ళు మండింది.

ఇక పిల్లలతో వచ్చే తల్లిదండ్రులకి ఒక విషయం ముందే చెప్పాలి, తర్వాత నన్ను అనకూడదు. యాప్స్ చూరు కింద ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. షీలా నా గిగ్ అంటారు. గుండు తల, పెద్ద కళ్ళు, రెండు చేతులతో తన మర్మాంగాన్ని బాహాటంగా విప్పి చూపిస్తూ ఉంటుంది. చర్చి మీద! కామం తప్పని భయపెట్టడానికని కొందరు, సంతానం కోసమని కొందరు, చెడు చూపు తగలకుండా అని కొందరు. గుడి గోపురం మీద బూతు బొమ్మలుంటే పిడుగు పడదని మా నాయనమ్మ చెప్పేది. ఆవిడ ఇది చూసి ఉంటే "దిష్టి బొమ్మే, పద" అని ముందుకి నడిచేది. మావాడు "ఆవిడ ఏం చేస్తోంది?" అంటే నేను "యోగా" అన్నాను. మీ మీ సమాధానాలు మీరు సిద్ధం చేసుకోండి. అలాంటివి ఇంకా కొన్ని ఉంటే విక్టోరియా కాలంలో ఎవరో మర్యాదస్తులు పగలగొట్టించారని ఒక కథ కూడా చెబుతారు.

గ్రూపులో ఇంకో అభ్యంతరం, పైకి ఎవరూ టైప్ చెయ్యలేదు గానీ నాకు ఫోన్లో చెప్పారు. మనం హిందువులం కదా, పిల్లల్ని చర్చికి తీసుకెళ్ళడం ఏమిటని. అక్కడ మిమ్మల్ని ఎవరూ మోకరిల్లమనరు, మతం అడగరు. చెప్పులు కూడా విప్పక్కర్లేదు, అలవాటు కొద్దీ విప్పితే నేల చల్లగా జివ్వుమంటుంది. మనలో గుంటూరు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు నాలుగున్నాయి. ఇన్నేళ్ళుగా ట్రిప్పుల్లో వాళ్ళు మన గుళ్ళ దగ్గర బస్సు దిగి, ప్రసాదాల క్యూ అయ్యేదాకా నవ్వుతూ నిలబడ్డారు. ఒక్కసారి వాళ్ళు మనకి చెప్పేవాళ్ళుగా ఉంటే ఏం పోయింది? ఆ రాతి గొర్రెపిల్ల కథ నాకు చెప్పింది వాళ్ళలో ఒక అక్కే. డోర్కింగ్ వెళ్ళి కాటన్ దొర సమాధికి దండ వేసినప్పుడు మనకి మతం అడ్డు రాలేదు. గోదావరి నీళ్ళు తాగినవాళ్ళం, వెయ్యాల్సిందే. కానీ ఈ దేశంతో మన సంబంధం ఆ ఒక్క సమాధి దగ్గర ఆగిపోతే ఎలా?

పైగా ఈ చర్చిలతో మనకి డబ్బుల సంబంధం కూడా ఉంది, మీరు గమనించి ఉండరు. ఇల్లు కొన్నప్పుడు సాలిసిటర్ బిల్లులో 'చాన్సెల్ సెర్చ్' అని ఒక లైను వచ్చిందా? ఎందుకని అడిగితే "అందరికీ చేస్తాం" అని ఉంటారు. పాత పద్ధతిలో జనం నిలబడే నేవ్ రిపేర్లు జనానివి, చాన్సెల్ రిపేర్లు పారిష్ పొలాల పంటలో పదోవంతు తినే చర్చి గురువు, అంటే రెక్టార్‌వి. ఆ హక్కుతో పాటే బాధ్యత కూడా కొన్నిచోట్ల భూముల వెంట అమ్మకాల్లో చేతులు మారుతూ వచ్చింది. వారిక్‌షైర్‌లో ఆస్టన్ కాంట్లో అనే ఊళ్ళో ఒక దంపతులకి ఇలాగే సుమారు 95 వేల పౌండ్ల చర్చి రిపేరు బిల్లు మెడకి చుట్టుకుంది. కేసు అప్పట్లో అన్నిటికంటే పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. 2003లో వాళ్ళు కట్టాల్సిందేనని తీర్పొచ్చింది. అప్పటినుంచీ లాయర్లకి ఆ సెర్చ్ పట్టుకుంది. నేవ్, చాన్సెల్ అన్న తేడా ఆ దంపతుల జేబుకి ఎలా తగిలిందో కిల్పెక్‌లో ఆ కమాను కింద నిలబడితే కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది.

మరి ఇవాళ ఇలాంటి చర్చిల్ని ఎవరు చూసుకుంటున్నారు? ప్రభుత్వం కాదు. ఊళ్ళోని పారిష్ చర్చి కౌన్సిల్, అంటే ఓ పది పన్నెండు మంది, ఎక్కువమంది రిటైరైనవాళ్ళు. కప్పు కారితే వాళ్ళే చందాలు వసూలు చెయ్యాలి. పాత కట్టడం కాబట్టి పెద్ద రిపేరు ఏది చెయ్యాలన్నా డయోసిస్, అంటే బిషప్ గారి ఆఫీసు అనుమతి, ఆర్కిటెక్టు ఫీజు. పైన 20 శాతం వ్యాట్. ఆ వ్యాట్‌ని గ్రాంటుగా తిరిగిచ్చే పథకం 2001లో పెట్టారు గానీ, 2025-26 సంవత్సరానికి ఒక్కో చోటుకి 25 వేల పౌండ్లు దాటి ఇవ్వమని గీత గీశారు. మేం రెండోసారి వెళ్ళినప్పుడు లోపల ఒక పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని, ఎండిన పూలరేకులు చిన్న బ్రష్‌తో చేటలోకి ఎత్తుతోంది. నేను సాయం చెయ్యబోతే వద్దని, "గబ్బిలాలు కూడా మా సంఘ సభ్యులే, చందా మాత్రం ఇవ్వవు" అంది. టికెట్ అడగలేదు. గుమ్మం దగ్గర గోడకి ఒక చందాల పెట్టె, అంతే.

అందుకే కమిటీని అడిగేది ఇది. షాపింగ్ మానమనను. మానమంటే నాకొచ్చే ఓట్లు మూడు నుంచి రెండుకి పడిపోతాయి, అందులో మా ఆయన ఓటు ఉండదు. జూలైలో అవుట్‌లెట్‌కే వెళ్దాం. ఆగస్టులో రెండో ట్రిప్ వేస్తామన్నారు కదా, అది నాకివ్వండి. పల్లె రోడ్లు సన్నం కాబట్టి పెద్ద కోచ్ వద్దు, మూడు మినీబస్సులు చాలు. పొద్దున హెరిఫర్డ్ కేథడ్రల్‌కి వెళ్దాం. అక్కడ 1300 ప్రాంతంలో ఒకే దూడ చర్మం మీద గీసిన ప్రపంచ పటం ఉంది. తూర్పుని పైన పెట్టి గీశారు కాబట్టి ఇండియా పైభాగానికి ఎగబాకి ఉంటుంది, ఫోటో దిగాల్సిన చోటు. భోజనాలు, టాయిలెట్లు అన్నీ ఆ ఊళ్ళోనే ముగించుకుని మధ్యాహ్నం కిల్పెక్. అక్కడికి తొమ్మిది మైళ్ళు. రెండు గంటలు చాలు. ఆదివారం మాత్రం వద్దు, వాళ్ళ ప్రార్థన వేళకి 40 మందిమి దిగబడితే బాగోదు.

మనిషికి ఐదు పౌండ్లు అదనంగా వసూలు చెయ్యండి, చర్చి గుమ్మం దగ్గరున్న ఆ చందాల పెట్టెలో వేద్దాం. సమాధుల మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పకూడదని బస్సులోనే ఒకసారి మైకులో చెప్పండి. పోయినేడు ఒక చోట మనం చేసిన నిర్వాకం నేనింకా మర్చిపోలేదు. పులిహోర నేను తెస్తాను. బైనాక్యులర్స్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, చూరు ఎత్తుగా ఉంటుంది, మెడలు నొప్పెడతాయి.

బాబాయ్ గారూ, మీకు ముందు సీటు పట్టి ఉంచుతాను. కుక్కా కుందేలూ ఏ గోడకి ఉన్నాయో మాత్రం ఎవరికీ చెప్పను. పిల్లల్లో ముందు కనిపెట్టినవాళ్ళకి వచ్చేటప్పుడు ఐస్‌క్రీమ్, ఆ ఖర్చు మీది.

ఇట్లు,
మూడు ఓట్ల అమ్మాయి